గుండ్రటి ట్రాక్ మీద ఇద్దరు: నాన్‌లీనియర్ మల్టీ ఏజెంట్ సిస్టమ్స్‌కి మొదటి మెట్టు

నమస్తే అండి. నాన్‌లీనియర్ మల్టీ ఏజెంట్ సిస్టమ్స్ అనగానే చాలామందికి టెన్షన్. మల్టీ ఏజెంట్ అంటే ఒకరినొకరు చూసుకుంటూ కదిలే గుంపు, అంతే. ఈ వీడియోలో ఒక్క సమీకరణమే ఉంటుంది. దాన్ని మాత్రం నిదానంగా చూద్దాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

స్క్రీన్ మీద గుండ్రటి రన్నింగ్ ట్రాక్ ఉంది. ఇద్దరు పరిగెడుతున్నారు. ఒకరిది కాస్త జోరు. కోచ్ లేడు, విజిల్ లేదు. ఒకరినొకరు చూసుకుంటూ, ముందున్నవారు కొంచెం తగ్గుతారు, వెనకున్నవారు కొంచెం పెంచుతారు. మరి ఇద్దరి వేగం ఎప్పటికైనా ఒకటవుతుందా?

ఎంత గ్యాప్ ఉంటే అంత లాగుడు అనుకుందాం. ఇది లీనియర్ రూలు. అప్పుడు పట్టు, అంటే ఒకే గ్యాప్‌కి ఎంత గట్టిగా లాగుతారన్నది, ఎంత తక్కువైనా, గ్యాప్‌తో పాటు లాగుడూ పెరిగి ఎక్కడో ఒకచోట సరిపోతుంది. కానీ ఇది గుండ్రటి ట్రాక్. పూర్తి రౌండు ముందుకెళ్లినవాడు మళ్లీ పక్కకే వస్తాడు కదా! అందుకే ఇక్కడ సైన్ వాడతాం, పూర్తి రౌండు తిరిగితే అదీ మొదటి విలువకే వస్తుంది. నాన్‌లీనియారిటీని మనం కావాలని తేలేదు, ఆ వృత్తమే తెచ్చింది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చే మాట ఇదే.

ఇప్పుడు రాయండి. గ్యాప్‌ని కోణంగా కొలుద్దాం. ఒకరినొకరు చూసుకోకపోతే వేగాల తేడా సెకనుకు 1 రేడియన్, అంటే దాదాపు 57 డిగ్రీలు. పట్టు పేరు కె.

గ్యాప్ మారే వేగం = 1 − కె × సైన్ గ్యాప్

కె 2 అయితే సైన్ అర దగ్గర, అంటే 30 డిగ్రీల దగ్గర కుదురుకుంటారు. 150 డిగ్రీల సైన్ కూడా అరే, కానీ అక్కడ నిలవరు. కాస్త ముందుకు జారితే లాగుడు తగ్గుతుంది, ఇంకా జారతారు.

కె 0.8 పెట్టండి. సైన్ 1 దాటదు, కాబట్టి లాగుడు 0.8 దాటదు. ఇక ఎప్పటికీ కుదరదు. గ్రాఫ్ చూడండి: 90 డిగ్రీల దగ్గర గ్యాప్ మారే వేగం 0.2 మాత్రమే, కలిసిపోయారేమో అనిపిస్తుంది. 270 దగ్గర 1.8, తొమ్మిది రెట్లు! ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా జారిపోవడం.

ఇలాంటివాళ్లను వందలమందిని కలిపి 1975లో జపాన్ శాస్త్రవేత్త యోషికి కురమోటో ఈ మోడల్ ఇచ్చారు. కె ఒక హద్దు దాటేదాకా ఎవరి దారి వారిదే, దాటాక ఒక గుంపు కట్టుగా కదులుతుంది.

కరెంటు గ్రిడ్‌లోనూ ఇదే సైన్. జనరేటర్లన్నీ సెకనుకు 50 సార్ల లయలో నడవాలి. లైన్ మోసే పవర్ దాని రెండు చివర్ల కోణాల తేడా సైన్‌ని బట్టి ఉంటుంది. లైన్ ఒకటి పోయిందంటే కె తగ్గినట్టే. 2012 జులై 30న, మళ్లీ 31న, బాగా లోడు మీదున్న బీనా-గ్వాలియర్ 400 కేవీ లైన్ ట్రిప్ అయ్యాక ఉత్తర భారతం మిగతా గ్రిడ్‌తో లయ తప్పింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పడిపోయాయి. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి ఆ లయలో లేదు, గాజువాక లాంటి చోట్ల డీసీ, అంటే లయ లేని కరెంటు, ద్వారానే ముడిపడి ఉంది. అందుకే నిలబడింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో అదీ కలిసింది.

ఇక మీ పని. కె సరిగ్గా 1 పెట్టండి. ఒకసారి సున్నా డిగ్రీల నుంచి, ఇంకోసారి 100 డిగ్రీల నుంచి మొదలుపెట్టండి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, 90 దగ్గర ఏం జరుగుతోందో కామెంట్‌లో రాయండి.