టార్చిలైటు లాక్కున్నారు, నియాన్ బోర్డు వదిలేశారు!

మళ్లీ చెప్తున్నా, ఎంతమంది తిట్టినా చెప్తా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో అమెరికా తూర్పు తీరంలో జర్మన్ సబ్‌మెరైన్లు ఓడలు ముంచితే చచ్చిపోయిన నావికుల పాపంలో, రాత్రిళ్లు లైట్లు ఆర్పని బీచ్ హోటళ్లకు వాటా ఉంది. పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు కామెంట్లలో కొందరు "తప్పంతా నేవీదే, అమెరికా నేవీ పెద్ద అడ్మిరల్ కింగ్ కాన్వాయ్‌లు, అంటే యుద్ధనౌకల కాపలాతో ఓడలు గుంపుగా వెళ్లే పద్ధతి, లేటుగా పెట్టాడు" అని క్లాసు పీకారు. బాబూ, లేటైంది నిజమే, మే నెల వరకు తూర్పు తీరంలో సరైన కాన్వాయ్‌లు లేవు. మరి లైట్లు ఆర్పడానికి కాన్వాయ్ ఎందుకు? స్విచ్ నొక్కితే చాలదా?

జర్మన్ సబ్‌మెరైన్ చేసే పని చూడండి. రాత్రి సముద్రంలోకి దూరంగా వెళ్లి ఒడ్డు వైపు చూస్తూ కూర్చుంటుంది. వెనక మయామీ లాంటి ఊరి వెలుగు, దాని ముందు నల్లగా కదిలే ట్యాంకరు, అంటే ఆయిల్ మోసే ఓడ. గురి చూసుకోవడానికి ఇంకేం కావాలి? జనవరి 14న న్యూయార్క్ దగ్గర నార్నెస్ అనే ట్యాంకర్ని యూ-123 అనే జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. అప్పుడైనా కళ్లు తెరవాలి కదా! లైట్లు తగ్గించండయ్యా అంటే టూరిస్టు సీజన్ పోతుందని గోల. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఏప్రిల్ దాకా గట్టి ఆర్డర్లే లేవు.

ఏప్రిల్ 10, శుక్రవారం రాత్రి. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ బీచ్. వీకెండ్ కదా, జనం కుటుంబాలతో వచ్చి తిరుగుతున్నారు. ఒక్కసారిగా సముద్రంలో మంట. గల్ఫ్‌అమెరికా అనే కొత్త ట్యాంకరు, దానికది మొదటి ప్రయాణం, టెక్సస్ నుంచి న్యూయార్క్‌కు ఆయిల్ తీసుకెళ్తోంది. అదే యూ-123 టార్పెడో వేసి, తర్వాత ఒడ్డుకూ ట్యాంకరుకూ మధ్యలోకి వచ్చి మరీ ఫిరంగులు పేల్చింది, గురి తప్పిన గుండ్లు ఒడ్డున ఇళ్ల మీద పడకూడదని! శత్రువు కెప్టెన్ హార్డెగన్‌కు ఆ ఊరి జనం మీద ఉన్నపాటి ఆలోచన, లైట్లు వేసుకుని కూర్చున్నవాళ్లకు నావికుల మీద ఉందా? 19 మంది పోయారు. మర్నాడు గవర్నర్ హాలండ్ తీరంలో లైట్లు ఆర్పించాడు. ఒక్క రోజులో! అంటే ముందే చేయగలిగేవాళ్లేగా?

అన్నట్టు, మన విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడింది సరిగ్గా దీనికి నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 6న. అదంతా వేరే వీడియో, పెడతా.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. ఇదే టైములో పశ్చిమ తీరంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జుసెప్పె డిమాజియో అని ఒక పెద్దాయన. ఇటలీ నుంచి వచ్చి జీవితమంతా చేపలు పట్టినవాడు. ఆయన కొడుకు జో, 1941లో వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టి దేశం మొత్తాన్ని ఊపేసిన బేస్‌బాల్ స్టారు. తండ్రికి పౌరసత్వం కాగితం లేదని "శత్రు దేశస్తుడు" అని ముద్ర వేశారు. ఫిషర్‌మెన్స్ వార్ఫ్, అంటే ఆయన బతుకంతా గడిచిన రేవు, అక్కడికి రావద్దన్నారు. కొడుకు హోటలు కూడా అక్కడే, తండ్రి వెళ్లి భోంచేయడానికి లేదు! అలాంటి ఇటాలియన్ ఇళ్లలో రాత్రి 8 దాటితే బయటికి రాకూడదు, ఐదు మైళ్లు దాటాలంటే పర్మిషన్, రేడియో, కెమెరా అప్పజెప్పాలి. టార్చిలైటు కూడా! సముద్రంలోకి సైగలు చేస్తారట. కొందరి పడవలు నేవీయే తీసేసుకుంది. జపాన్ జాలర్ల గతి ఇంకా ఘోరం, లాస్ ఏంజెలిస్ పక్కన టెర్మినల్ ఐలండ్‌లో 48 గంటలు టైమిచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయించారు.

ఓడలు వరసగా మునుగుతున్నది ఏ తీరంలో? తూర్పున. అక్కడ మైళ్ల కొద్దీ నియాన్ వెలుగు. టార్చిలైటు లాక్కున్నది ఏ తీరంలో? మీరే చెప్పండి.

నా థియరీ సింపుల్. పేద జాలరికి నోరు లేదు, హోటలు ఓనరుకు లాయరున్నాడు, గవర్నర్ దగ్గర పలుకుబడి ఉంది. అందుకే మూడు నెలలు ఎవరూ స్విచ్ దగ్గరికి పోలేదు. చివరికి దెబ్బ ఎవరి మీద పడింది? ట్యాంకర్లు మునిగాక తూర్పు తీరంలో పెట్రోలు తగ్గింది, మే నెలలో రేషన్ పెట్టారు. కారు అద్దం మీద "ఏ" స్టిక్కరు, అంటే అన్నిటికన్నా తక్కువ కోటా గుర్తు, ఉన్న మామూలు కుటుంబానికి వారానికి మూడు నాలుగు గాలన్లు, అంతే. ఆ పెట్రోలుతో బీచ్‌కి ఏం పోతారు? ఏ సీజన్ పోతుందని ఏడ్చారో ఆ సీజనూ పోయింది!

ఇప్పుడు రండి కామెంట్లలోకి, హోటళ్ల తరఫున వాదించేవాళ్లు. ముందు జాక్సన్‌విల్ సంగతికి జవాబు చెప్పి తర్వాత అడ్మిరల్ కింగ్ దగ్గరికి వెళ్దాం.