కాళ్ల పగుళ్లకు క్రీమ్ కొంటున్నారా? ట్యూబ్ వెనక్కి తిప్పి చదవండి

[తెర మీద: మందుల షాపు కౌంటర్. నాలుగు రకాల ట్యూబులు. అన్నిటి మీదా నున్నటి మడమ బొమ్మ.]

నమస్తే. షాపులో "కాళ్ల పగుళ్లకు ఏదైనా క్రీమ్ ఇవ్వండి" అని అడిగితే చేతికందింది ఇచ్చేస్తారు. ముందువైపు బొమ్మ అన్నిటికీ ఒకటే. అసలు తేడా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ రోజు వాటినే చదువుదాం.

[పాదం బొమ్మ. మడమ దగ్గరికి జూమ్.]

అరికాలికి నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులే ఉంటాయి. ముఖానికి జిడ్డు దానంతటదే పడుతుంది, మడమకు మనం రాస్తేనే. పైగా అక్కడ చర్మం బాగా మందం. అది ఎండి గట్టిపడ్డాక మనం నిలబడితే, ఒంటి బరువుకి మడమ పక్కలకి పరుచుకుంటుంది. గట్టి చర్మం సాగలేక చీలిపోతుంది. అందుకే వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవాళ్లకీ, ఇంట్లో ఉత్తి కాళ్లతో గచ్చు మీద తిరిగేవాళ్లకీ, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకీ పగుళ్లు ఎక్కువ.

[తెర మీద: పెట్రోలియం జెల్లీ డబ్బా, కొబ్బరి నూనె సీసా.]

"మా ఇంట్లో వ్యాజిలిన్ ఉంది కదా, చాలదా?" కొందరికి చాలు. పెట్రోలియం జెల్లీ చర్మంలోని తడి ఆవిరైపోకుండా పైన పొరలా మూసేస్తుంది. ఆ పనిలో దానికి సాటి వచ్చేవి తక్కువ, ధరా తక్కువే. కానీ అది కొత్తగా తడి ఇవ్వదు. మధ్యాహ్నం ఎండిన కాలికి రాస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, చర్మం ఇంకా మెత్తగా ఉండగానే రాయాలి. కొబ్బరి నూనెకీ ఇదే మాట, కాకపోతే అది అంత గట్టిగా మూయలేదు.

చర్మం పొడిబారి గీతలు మాత్రమే పడి ఉంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. గ్లిజరిన్ ఉన్న మామూలు క్రీమ్ రాసి, పైన కాస్త జెల్లీ రాస్తే సరిపోతుంది. మడమ మొద్దుబారి, గోరుతో నొక్కినా తెలియనంత మందంగా ఉంటే మాత్రం ట్యూబ్ వెనకాల ఒక పేరు వెతకాలి. అదే యూరియా.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: యూరియా – ఎంత శాతం?]

అవును, పొలంలో చల్లే యూరియా, ఇదీ ఒకే పదార్థం. మన చర్మంలో కూడా సహజంగా కొంత ఉంటుంది. అలాగని బస్తాలోంచి గుప్పెడు తీసి నూనెలో కలిపి రాసుకోకండి. ఎరువుగా అమ్మేది ఒంటికి రాసుకోవడానికి శుద్ధి చేసింది కాదు, దానికి వేప నూనె పూత కూడా ఉంటుంది.

క్రీములో యూరియా ఏం చేస్తుందన్నది శాతాన్ని బట్టి ఉంటుంది. 5 నుంచి 10 శాతం ఉంటే ప్రధానంగా తడిని పట్టి ఉంచుతుంది. రోజూ రాసుకోవడానికి ఇది బాగుంటుంది. 20, 25 శాతానికి వెళ్తే గట్టి చర్మాన్ని మెత్తబరిచి పలచన చేస్తుంది. మొద్దు మడమకి కావలసింది ఇదే. 40 శాతం బాగా గట్టిపడిన చోటుకి, అదీ డాక్టర్ చెబితేనే. చర్మం మెత్తబడ్డాక మళ్లీ 10 శాతానికి దిగండి.

రక్తం వచ్చేలా చీలిన పగులులో యూరియా పడితే చురుక్కుమని మండుతుంది. అలాంటప్పుడు కొన్ని రోజులు జెల్లీతో గడిపి, పగులు మూసుకున్నాక మొదలుపెట్టండి. లాక్టిక్ ఆసిడ్, శాలిసిలిక్ ఆసిడ్ ఉన్నవీ గట్టి చర్మాన్ని వదిలించేవే. ఇవి కూడా పచ్చి పుండు మీద వద్దు.

శాతం రాయకపోతే? పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. యూరియా పేరు చివర్లో, సువాసన పక్కన ఉందంటే పేరుకే వేశారన్నమాట. "హెర్బల్" అన్న ముక్క చూసి మాత్రం నేనైతే రూపాయి ఎక్కువ పెట్టను.

[తెర మీద: ఎర్ర గీత ఉన్న ట్యూబ్. పేరు కనిపించకూడదు.]

ఇంకో రకం ట్యూబులుంటాయి. వాటి మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ లాంటి పేర్లు కనిపిస్తే అవి స్టెరాయిడ్లు, పొడి చర్మానికి రాసుకునే క్రీములు కావు. డాక్టర్ చెప్పకుండా వాడొద్దు. ముఖ్యంగా అరికాలి గీతల్లో తెల్లగా పిండి రాలినట్టు ఉన్నా, వేళ్ల సందుల్లో దురద ఉన్నా, అది ఫంగస్ అయ్యుండొచ్చు. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గినట్టు అనిపిస్తుంది గానీ ఫంగస్ పాకుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఒక్క నిమిషం వినండి. కాలిలో స్పర్శ తగ్గి ఉంటే పగులు లోతైనా నొప్పి తెలియదు. శాలిసిలిక్ ఆసిడ్, ఆనెకాయలకు అంటించే పట్టీలు, బ్లేడుతో చెక్కడం మీకు అసలు వద్దు. లోతు పగులు, చీము, ఎర్రదనం కనిపిస్తే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఎవరైనా సరే, వేళ్ల సందుల్లో క్రీమ్ రాయకండి, అక్కడ తడి నిలిస్తే ఫంగస్‌కి చోటిచ్చినట్టే. మెట్టెలు పెట్టుకునేవాళ్లు వాటి కింద కూడా పొడిగా తుడుచుకోండి.

[చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు క్రీమ్ పిండుతూ దగ్గరి షాట్.]

ఇప్పుడు ఎంత రాయాలో చూద్దాం. వేలి మీద ఇంత పిండితే సుమారు అర గ్రాము. ఒక పాదానికి ఇలాంటివి రెండు కావాలి, అంటే రెండు కాళ్లకి 2 గ్రాములు. రోజుకొకసారి రాసినా 30 గ్రాముల ట్యూబ్ 15 రోజులకే అయిపోవాలి. మీ ట్యూబ్ రెండు నెలలు వచ్చిందంటే, మీరు పావు వంతే రాస్తున్నారు. కాబట్టి ధర చూసేటప్పుడు ట్యూబ్ ధర కాదు, గ్రాముకి ఎంత పడుతుందో చూడండి. రాత్రి రాసుకుని కాటన్ సాక్సులు వేసుకోండి. టైల్స్ మీద కాలు జారుతుంది, పెద్దవాళ్లకైతే మంచం మీద కూర్చున్నాకే రాయండి.