ఒక ప్రయాణానికి ఒక పుస్తకం

(గ్రంథాలయ వారోత్సవాల్లో తిరుపతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సాయంత్రం పనులు పక్కనపెట్టి వచ్చిన పెద్దలకు, బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేసిన పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారాలు.

మన ఊరికి రోజూ వేలమంది యాత్రికులు వస్తారు. అలిపిరిలో ఫోటో దిగుతారు, మెట్ల మీద దిగుతారు, మాడవీధుల్లో దిగుతారు. తీరా ఏ క్షణం కోసం అంత దూరం నుంచి వచ్చారో ఆ క్షణానికి మాత్రం ఫోటో ఉండదు. గుడిలోకి సెల్‌ఫోను తీసుకెళ్లనివ్వరు, అది మంచిదే. కానీ ఆ కాసేపట్లో కళ్లు ఏం చూశాయి, పక్కన నిలబడ్డ ముసలావిడ ఏమని గొణుక్కుంది, కోరుకుందామనుకున్నది ఎలా మరిచిపోయాం, ఇవన్నీ ఇంటికి చేరేలోపే సగం జారిపోతాయి. బయటికి వచ్చి ఒక మూల కూర్చుని పది వాక్యాలు రాసుకుంటే నిలుస్తాయి. అలా రాసుకోవడానికి జేబులో పట్టే పుస్తకం ఒకటి కావాలి. దాన్ని 15 రూపాయల లోపే ఎవరికి వాళ్లు కుట్టుకోవచ్చని చూపించడానికే వచ్చాను.

ప్రయాణంలో రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను ఇంకో భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మన తిరుపతి మీదుగానే వెళ్లారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. దారి పొడుగునా రాసుకుంటూ వెళ్లారు, ఆ రాతలు 1838లో అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది, ఇలాంటి మాటలు వాటి నిండా ఉంటాయి. ఆ రోజుకు అవి మామూలు సంగతులు. ఇవాళ మనకు ఆ కాలం కళ్లకు కట్టేది వాటివల్లే. కాబట్టి “నాకు రాయడం రాదండీ” అని ఎవరూ వెనక్కి తగ్గక్కర్లేదు. టీ ఎంత, బస్సు ఎన్నింటికి, గది కిటికీ లోంచి ఏం కనిపించింది, అంతే చాలు.

దుకాణంలో మంచి డైరీలు దొరకవా అంటారు. దొరుకుతాయి, 400, 500 పెడితే తోలు అట్టవి కూడా వస్తాయి. కానీ అంత డబ్బు పోసి కొన్నదాంట్లో చేతిరాత బాగుండాలి, మాట బాగుండాలి అని టెన్షన్ మొదలవుతుంది. మొదటి పేజీలో పేరు రాస్తాం, రెండో పేజీ ఖాళీ. పైగా లావుగా ఉంటుంది కాబట్టి చేతిసంచిలో బరువని ఇంట్లోనే వదిలేస్తాం. నా మాట ఏమిటంటే, పుస్తకం సన్నగా ఉండాలి, ఆ ఒక్క ప్రయాణంతో నిండిపోవాలి. తలకోన వెళ్తే తలకోన పుస్తకం, గుడిమల్లం వెళ్తే గుడిమల్లం పుస్తకం. తర్వాత నాలుగైదు కలిపి ఒక ఎలాస్టిక్‌తో కట్టేసుకోవచ్చు. టైలరింగ్ సామాను అమ్మే చోట నల్ల ఎలాస్టిక్ మీటర్ల లెక్కన ఇస్తారు.

ఇప్పుడు కాగితం. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే పుస్తకం బాగా రావడం, రాకపోవడం సగం ఇక్కడే తేలిపోతుంది. జిరాక్సు షాపులో వాడే ఏ4 కాగితం చాలు. రీములో 500 షీట్లు. రీము 300 రూపాయలు అనుకుంటే షీటు 60 పైసలు. మనకు 12 షీట్లు కావాలి, అంటే 7 రూపాయల 20 పైసలు. 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే కాగితమైతే ఆ 12 షీట్ల బరువు 60 గ్రాములు కూడా ఉండదు. బొమ్మలు వేసేవాళ్లు 100 జీఎస్ఎం బాండ్ పేపరు తీసుకోండి, రంగు వెనక్కి దిగదు. న్యూస్‌ప్రింటు మాత్రం వద్దు. అందులో ఉండే లిగ్నిన్ వెలుతురుకు, గాలికి పసుపురంగుకు తిరిగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. పాత పేపర్లు మీరు చూసే ఉంటారు.

కాగితంలో నార ఒకే దిక్కుగా పడుకుని ఉంటుంది. ఆ దిక్కున మడిస్తే మడత నున్నగా కూర్చుంటుంది, అడ్డంగా మడిస్తే గరుకుగా విరిగి, పుస్తకం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది. మామూలు ఏ4లో నార ఎక్కువగా పొడుగు వైపు ఉంటుంది. అందుకని ఏ4ను మధ్యకు ఒకసారి మడిచి పుస్తకం చేస్తే నార అడ్డం పడుతుంది. అదే ఏ4ను ముందు అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఆ ముక్కను మళ్లీ సగానికి మడిస్తే నార మడతతోపాటే వస్తుంది. పైగా 10.5 సెంటీమీటర్లు బై 14.8 సెంటీమీటర్ల కొలత వస్తుంది, చొక్కా జేబుకు సరిగ్గా సరిపోతుంది. 12 షీట్లు కోస్తే 24 ముక్కలు. ఎనిమిదేసి ముక్కలు ఒకదాంట్లో ఒకటి పెడితే ఒక ఫారం, 32 పేజీలు. మూడు ఫారాలకు 96 పేజీలు. ఒక్కరోజు ప్రయాణానికి ఒక ఫారం చాలు.

మడతను గోరుతో కాదు, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి.

దారం సంగతి. మన ఊళ్లో పూలదారానికి కొదవ లేదు, పిల్లలు ముందు దాన్నే తెస్తారు. అది పుస్తకానికి ఆగదు, తెగిపోతుంది. నైలాన్ దారం తెగదు కానీ కాగితాన్నే కోసేస్తుంది. బొంతలు కుట్టే నూలు దారం రెండు పోగులుగా తీసుకుని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి. మైనం పట్టిన దారం ముడి జారదు, చిక్కుపడదు. పొడవు పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు, అంటే సుమారు 40 సెంటీమీటర్లు ఉంచుకోండి.

దబ్బనంతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. జామెట్రీ బాక్సులో కాంపస్ ముల్లు చాలు. ఒక లావు పుస్తకాన్ని మధ్యకు తెరిచి, ఆ పల్లంలో ఫారాన్ని ఉంచి మడత గీత మీదే పొడవాలి. మధ్యలో ఒకటి, పైనుంచి, కిందనుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్కటి. సూదిని లోపలినుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి తీయండి. బయటినుంచి పై రంధ్రంలోకి, లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపలే ఉంటాయి. వాటి మధ్యలో పొడుగు కుట్టు ఉండేలా చూసుకుని ముడివేయండి. లాగేటప్పుడు దారాన్ని మడత వెంబడే లాగాలి, పైకి ఎత్తి లాగితే కాగితం చిరుగుతుంది. కుట్టాక లోపలి పేజీలు కొంచెం బయటికి పొడుచుకొస్తాయి. స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో సమం చేసుకోండి.

అట్టకు డబ్బు పెట్టొద్దు. ప్రతి ఇంట్లో శుభలేఖలు ఉంటాయి, చీరల పెట్టెలు ఉంటాయి, కొత్త చొక్కాలో పెట్టే అట్ట ఉంటుంది. శుభలేఖ మంచి గట్టి కార్డు. మడిచే చోట ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గీత గీస్తే పగలదు. టీటీడీ క్యాలెండరు కాగితం కూడా అందంగా ఉంటుంది. అయితే స్వామి బొమ్మలోంచి సూది దించడం నాకు మనసొప్పదు, మీకూ ఒప్పకపోవచ్చు. బొమ్మను కత్తిరించి పూజగదిలో ఉంచి, అంకెలున్న భాగం అట్టకు వాడండి. శుభలేఖ మీది వినాయకుడికీ ఇదే పద్ధతి.

గుడ్డ అట్ట కావాలంటే జాకెట్టు ముక్కలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. మైదా ఒక పాలుకు నీళ్లు ఐదు పాళ్లు పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ చిక్కబడి నిగనిగలాడేదాకా ఉడికిస్తే జిగురు తయారు. దాన్ని గుడ్డకు కాదు, అట్టకు రాయాలి. గుడ్డకు రాస్తే ఇవతలికి ఊరి మరకలు పడతాయి. రాత్రంతా బరువు కింద పెట్టండి. బైండింగువాళ్లు పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూటకాపూట కాచుకోండి. ఇంకో మాట. బజారులో కలంకారీ అని అమ్మేది చాలావరకు అచ్చు గుడ్డ, దాని ముక్కలు ధారాళంగా వాడుకోండి. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలతో గుడ్డను సిద్ధం చేసి, వెదురు కలంతో చేత్తో గీసే పని వేరు. దాని ముక్క మీ చేతికొస్తే అట్ట మధ్యలో చిన్న చతురస్రంగా అతికించి, దాన్ని గీసిన చేతిని తలుచుకోండి.

లోపల ఏముండాలో మీ ఇష్టం. అయినా కొన్ని చెబుతాను. బాల్‌పెన్ను గానీ పెన్సిల్ గానీ వాడండి. ఫౌంటెన్ పెన్ను ఇంకు వానకు, చెమటకు కరిగిపోతుంది. మెషీన్‌లోంచి వచ్చే బస్సు టికెట్లు, హోటల్ బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం. ఎండకు, వేడికి ఆ అక్షరాలు మాసిపోతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. అతికించి, పక్కనే ఊరు, తేదీ, ఛార్జీ పెన్నుతో రాసేయండి. సెల్లోటేపు వద్దు, అది కూడా మరక పడుతుంది. చివరి అట్ట లోపల పాత కవరును అతికిస్తే చిన్న అర అవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఒకటుంది. అలిపిరి మెట్ల మీద అరగంట నడిస్తే తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ అన్నీ వినిపిస్తాయి. మెట్ల పక్కన కూర్చున్నప్పుడు పక్కవాళ్లకు పుస్తకం ఇచ్చి, “మీ ఊరి పేరు మీ అక్షరాల్లో రాస్తారా” అని అడగండి. కాదన్నవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు. కొందరు ఊరు రాసి ఊరుకోరు, అక్కడి చెరువు గురించి, పంట గురించి చెబుతారు. దేశంలో ఇంకే ఊరివాళ్లకైనా ఇంటి గుమ్మం దగ్గరే ఇంతమంది దొరకడం కష్టం. మనకు ఆ అదృష్టం ఉంది, దాన్ని వాడుకోవాలి. పిల్లలు ఆ పేజీతో మొదలుపెడితే లిపులు కూడా నేర్చుకుంటారు.

సరే, వెనక బల్లల మీద కాగితాలు కోసి పెట్టాం. ఎనిమిదేసి తీసుకోండి. కాంపస్ ముల్లుతో పొడిచేటప్పుడు చిన్నపిల్లల పక్కన ఒక పెద్దవాళ్లు కూర్చోండమ్మా. దారం మైనం పట్టించినవాళ్లు నా దగ్గరికి రండి, మొదటి కుట్టు కలిసి వేద్దాం.