ఐదు శాతం సంతకాలు

అందరికీ నమస్కారం. "అమెరికా ఎన్నికల మీద ఏదైనా మాట్లాడండి" అని నన్ను పిలిచారు. ఏదైనా అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందుకని ఒక్క సంగతికే కట్టుబడతాను. మనం ఉంటున్న ఈ జార్జియాలో, రిపబ్లికనూ డెమొక్రాటూ కాని ఒక చిన్న పార్టీ మనిషి కాంగ్రెస్ సీటుకు నిలబడాలనుకుంటే ఏమవుతుంది? నేను చెప్పేది ప్రతినిధుల సభ సీటు గురించి. మన లెక్కలో లోక్‌సభ సీటు అనుకోండి.

నేను నల్గొండ వాణ్ణి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నియోజకవర్గంలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన ఊళ్ల కోపం అది. బ్యాలట్ పేపరు పుస్తకమంత తయారైంది, పోలింగే వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని పదివేలు చేశారు, ఇప్పుడు 25 వేలు. అయినా 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో ఉన్నారు. అందులో 178 మంది పసుపు, జొన్న రైతులు. ఒక్కో బూత్‌లో పన్నెండేసి బ్యాలట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. మన దగ్గర గుర్తింపు లేని పార్టీ వాళ్లకూ, ఇండిపెండెంట్లకూ పదిమంది ప్రతిపాదిస్తే చాలు. గేటు తెరిచే ఉంటుంది. లోపలికి వెళ్లాక డిపాజిట్ గల్లంతయితే అది వేరే సంగతి.

జార్జియాలో గేటు దగ్గరే కథ అయిపోతుంది.

ఇక్కడి చట్టం చిన్న పార్టీని అసలు పార్టీ అనే అనదు. గవర్నర్ ఎన్నికలోనో అధ్యక్ష ఎన్నికలోనో 20 శాతం ఓట్లు వచ్చినవాటినే 'పార్టీ' అంటుంది. మిగతావి 'రాజకీయ సంఘాలు'. పెద్ద పార్టీల వాళ్లు 5,220 డాలర్ల ఫీజు కట్టి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, దిగుతారు. చిన్న పార్టీ అభ్యర్థి ఆ ఫీజూ కట్టాలి, దాంతోపాటు తన జిల్లాలో రిజిస్టరైన ఓటర్లలో 5 శాతం మంది సంతకాలూ తేవాలి. జిల్లా అంటే ఇక్కడ నియోజకవర్గం. సుమారు 20 వేల నుంచి 26 వేల సంతకాలు. గడువు 180 రోజులు. జూలై రెండో మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా అన్నీ అందాలి.

ఈ నియమం 1943 నాటిది. కమ్యూనిస్టులను బ్యాలట్ మీదికి రానివ్వకుండా పెట్టిందేనని తర్వాత కోర్టులో వాదన కూడా వినిపించింది. ఎందుకు పెట్టినా ఫలితం మాత్రం ఒక్కటే. అప్పటి నుంచి మామూలు ఎన్నికల్లో ఒక్క చిన్న పార్టీ అభ్యర్థి కూడా సంతకాలు పూర్తిచేసి కాంగ్రెస్ సీటు బ్యాలట్ మీదికి రాలేదు. తక్కువమంది వచ్చారని కాదు, ఒక్కరూ రాలేదు.

ఇరవై వేలు ఏమంత పెద్ద సంఖ్య, అట్లాంటాలో మనవాళ్లే అంతకంటే ఎక్కువున్నారు కదా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒక రిటైరైన ఇంజనీరు ఈ పని మొదలుపెట్టారు. అమెరికన్, పెద్దమనిషి. ఆయన రాజకీయాలతో నాకు సగం కూడా పడదు. అయినా ఒక శనివారం తోడు వెళ్లి, ఇండియన్ గ్రోసరీ షాపు ముందు అట్టకు క్లిప్పు పెట్టి నిలబడ్డాను.

మొదటి అరగంటలోనే తెలిసింది. ఆపిన పదిమందిలో ఆరుగురు సిటిజన్లు కారు. హెచ్1బీ, గ్రీన్‌కార్డు, లేదా పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు. ఒక పెద్దావిడ అయితే "సంతకం పెడితే ఏమిస్తారు బాబూ?" అని అడిగింది. సిటిజనైన కుర్రాడొకడు "అన్నా, మా ఆవిడ గ్రీన్‌కార్డుకి దీంతో ఏమైనా ఇబ్బందా?" అని వెనక్కి తగ్గాడు. పెడతామన్నవాళ్లు కూడా ఏ జిల్లా ఓటర్లో వాళ్లకే తెలియదు. ఫోన్‌లో చూసి చెప్పాల్సి వచ్చేది. పైగా ఒక్కో కౌంటీకి ఒక్కో కాగితం. కౌంటీ అంటే రాష్ట్రంలో ఒక పాలనా విభాగం. ఫోర్సైత్ ఆయన గ్విన్నెట్ కాగితం మీద పెడితే పనికిరాదు. ఇక మన ఇంటిపేర్లు! ఓటరు జాబితాలో ఒక రకంగా, సంతకంలో ఒక రకంగా ఉంటాయి. నాలుగు గంటలు నిలబడితే వచ్చినవి 31. ఇంటికెళ్లి సరిచూస్తే అందులో తొమ్మిది వేరే జిల్లావి.

ఇలా పోయేవి పోతాయి కాబట్టి 30 వేలు పోగేస్తేనే ధైర్యం. అంటే సెలవు లేకుండా రోజుకు 167. తెచ్చిన కాగితాలకు నోటరీ చేయించడం వేరే పని. ఇదంతా అయ్యేదాకా ఆ మనిషి స్కూళ్ల గురించో, ఇన్సూరెన్స్ గురించో తన అభిప్రాయం ఒక్కటి కూడా చెప్పే తీరిక ఉండదు. ప్రచారమంటే మనకు గుర్తొచ్చేది ఏదీ ఇంకా మొదలే కాలేదు.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారేమో. వెళ్లారు. 1970లో సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ తరఫున గవర్నర్ పదవికి నిలబడ్డ లిండా జెన్నెస్ కేసులో, 1971లో సుప్రీంకోర్టు ఈ 5 శాతాన్ని సమర్థించింది. బ్యాలట్ మీద ఎక్కే ముందు ప్రజల్లో కాస్తయినా బలం ఉందని చూపించమనడం తప్పు కాదంది. లిబర్టేరియన్ పార్టీ అనే ఇంకో చిన్న పార్టీ వాళ్లు మళ్లీ కేసు వేస్తే 2021లో కింది కోర్టు జడ్జి వాళ్లకు అనుకూలంగా చెప్పారు, ఒక శాతం చాలన్నారు. సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 2022 జనవరిలో అప్పీళ్ల కోర్టు ఆ 1971 తీర్పునే చూపించి దాన్ని కొట్టేసింది.

నల్గొండ బ్యాలట్ గురించి తెలిసినవాడిగా, బ్యాలట్ కిక్కిరిసిపోతుందన్న భయాన్ని నేను కొట్టిపారేయలేను. కానీ ఇక్కడ ఉన్నది రద్దీ కాదు, ఖాళీ. 2016 నవంబర్‌లో ఇక్కడి 9వ జిల్లాలో రిపబ్లికన్ డగ్ కాలిన్స్ మీద పోటీకి ఎవరూ లేరు. ఫోర్సైత్ కౌంటీలో కొంత భాగం ఆ జిల్లాలోనే ఉండేది. ఆ ఓటర్లకు బ్యాలట్ మీద కనిపించింది ఒక్క పేరు.

ఇంకో విచిత్రం ఉంది. రాష్ట్రమంతటికీ జరిగే ఎన్నికల్లో లిబర్టేరియన్లకు అప్పట్లో సంతకాల గొడవ లేకపోయింది, అంతకుముందు ఎన్నికల్లో తెచ్చుకున్న ఓట్లతో చోటు నిలబెట్టుకున్నారు. అందుకే 2022లో సెనేట్ సీటుకు ఛేజ్ ఆలివర్ పేరు బ్యాలట్ మీదుంది. ఆయనకు వచ్చింది 2 శాతం చిల్లర. డెమొక్రాట్ వార్నాక్‌కూ రిపబ్లికన్ వాకర్‌కూ సగం దాటలేదు, డిసెంబర్ 6న వాళ్లిద్దరి మధ్య రనాఫ్, అంటే రెండో విడత పోలింగ్, పెట్టాల్సి వచ్చింది. మళ్లీ లైన్లో నిలబడాలా అని మీలో కొందరు విసుక్కున్నారు, నాకు గుర్తుంది. ఓట్లు చీల్చేస్తారన్న నింద ఇక్కడ అంతగా నిలవదు. సగం రాకపోతే రెండోసారి అడుగుతారు కదా! మొత్తం రాష్ట్రానికి సెనేటర్‌గా నిలబడటానికి ఒక్క సంతకం అక్కర్లేకపోయిన పార్టీకి, అందులో పద్నాలుగో వంతు జిల్లాకు మాత్రం 20 వేలు కావాల్సి వచ్చింది.

ఇదే ఆలివర్ 2020లో కాంగ్రెస్ సీటుకు కూడా నిలబడ్డారు. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జాన్ లూయిస్ చనిపోయాక సెప్టెంబర్‌లో 5వ జిల్లాకు జరిగిన ప్రత్యేక ఎన్నిక అది. ప్రత్యేక ఎన్నికలకు సంతకాల నియమం వర్తించదు. ఏడుగురు పోటీచేశారు, ఆయనకు సుమారు 2 శాతం వచ్చాయి. ఏ గందరగోళమూ జరగలేదు. నవంబర్‌లో అదే జిల్లాకు మామూలు ఎన్నిక జరిగితే, బ్యాలట్ మీద మళ్లీ రెండే పార్టీలు.

మా వీధి పెద్దమనిషి నాలుగు వేల దగ్గర ఆగిపోయారు. జూలైలో ఆ మంగళవారం మధ్యాహ్నం అటు వెళ్తుంటే గరాజ్ తలుపు తీసి ఉంది. కాగితాలు కౌంటీల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టుకున్నారు. "జనం అడ్రసులున్నాయి, ఊరికే చెత్తలో పడేయకూడదు" అంటూ ఒక్కొక్కటే ష్రెడర్‌లో పెడుతున్నారు. నేనూ గ్విన్నెట్ కట్ట తీసుకుని పక్కన కూర్చున్నాను.

ఇక మీ ప్రశ్నలుంటే అడగండి.