మూడు వందల ఇంకు పెన్ను, ముప్పై వేల ఇంకు పెన్ను: తేడా ఎక్కడుంటది?

[దృశ్యం: బల్ల మీద ఒకే కాగితం, రెండు పెన్నులు. రెండింటి ఒళ్లకూ ఒకే రంగు టేపు చుట్టి ఉంది.]

ఈ రెండింటిలో ఒకటి మూడు వందల లోపు దొరికే స్టీలు పాళీ పెన్ను. ఇంకోటి ముప్పై వేలు దాటిన 14 క్యారెట్ల బంగారు పాళీ పెన్ను. ఒకటే ఇంకు, ఒకటే కాగితం, గీత మందం కూడా ఒకటే. రాసిన కాగితం చూసి ఏది దేనితో రాసిందో చెప్పుమంటే కష్టమే. ఎందుకంటే కాగితానికి తగిలేది స్టీలూ కాదు, బంగారమూ కాదు. పాళీ కొసన అతికించిన చిన్న గట్టి లోహపు గుండు తగులుతది. ఒకప్పుడు అందులో ఇరీడియం ఉండేది కాబట్టి ఇప్పటికీ ఇరీడియం పాయింట్ అనే అంటరు. పెన్ను నున్నగా పోతదా, గీకుతదా అనేది ఆ గుండును ఎట్ల అరగదీసిండ్రు, పాళీ మధ్య చీలికకు రెండు పక్కలా సమంగా ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టే ఉంటది.

మరి బంగారం ఎందుకంటే, పాతకాలపు ఐరన్ గాల్ ఇంకుల్లో ఆమ్లం ఉండి మామూలు ఉక్కు పాళీని తినేసేది. బంగారాన్ని అది ఏమీ చేయలేదు. ఇప్పుడు మనం కొనే నీలం, నలుపు ఇంకులకు స్టెయిన్‌లెస్ స్టీలు నిమ్మళంగా తట్టుకుంటది. బంగారు పాళీ మెత్తగా వంగుతదన్నది కూడా సగం నిజమే. వంగుడు పాళీ మందాన్ని, భుజాల ఆకారాన్ని బట్టి ఉంటది. అస్సలు వంగని బంగారు పాళీలు మస్తుగా ఉన్నయి.

[తెర మీద: పెలికాన్ ఎం200, ఎం400 పక్కపక్కన]

మంచి ఉదాహరణ జర్మనీ పెలికాన్‌వి. ఎం200, ఎం400 రెండూ సైజులో ఒకటే, వెనక మర తిప్పితే ఇంకు పీల్చే పిస్టన్ పద్ధతీ ఒకటే. మొదటిదానికి స్టీలు పాళీ, రెండోదానికి 14 క్యారెట్లు. పాళీలు మరతో ఊడొస్తయి, దానిది దీనికి పడతది. ధర మాత్రం రెట్టింపు దాటుతది. ఆ ఎక్కువ డబ్బు బంగారానికి, ఒంటి తయారీకి పోతది, అక్షరానికి పోయేది తక్కువ.

అయితే చౌక పెన్ను కొన్న రోజే మంచిగ రాస్తదని అనుకోవద్దు. ఖరీదు పెన్నుకు ఫ్యాక్టరీలో జరగాల్సిన పని, చౌక పెన్నుకు మీరు ఇంట్లో చేసుకోవాలె. అరగంట పని.

[దృశ్యం: స్టీలు గిన్నెలో నీళ్లు, పాళీ, నాలుక విడివిడిగా]

ముందు కడుగుడు. కొత్త పెన్ను నాలుకకు, అంటే పాళీ కింద గాడులు గాడులుగా ఉండే నల్ల ముక్కకు, తయారీలో అంటిన నూనె ఉంటది. నూనె ఉన్నచోట ఇంకు పారదు. ఒక గ్లాసు చల్ల నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక్క చుక్క వేసి, కన్వర్టర్‌తో, అంటే పెన్ను లోపల ఇంకు పీల్చే చిన్న గొట్టంతో, పదిసార్లు పీల్చి వదలండి. తర్వాత ఉత్త నీళ్లతో నురగ పోయేదాకా. వేడినీళ్లు వద్దు, నాలుక వంకర పోతది. స్పిరిట్ అసలే వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్లు బాస్తయి.

ఇక్కడ నల్లగొండ, పాలమూరు జిల్లాలవాళ్లు వినాల్సిన ముచ్చట ఒకటున్నది. ఆఖరు కడుగుడుకు బోరు నీళ్లు వాడకండి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ యాదికొస్తది, కానీ పెన్నుకు అడ్డం పడేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బకెట్ అంచుకు తెల్లగా పట్టేవి అవే. నాలుకలో ఇంకు దారి వెంట్రుకంత సన్నం. కడుగంగ కడుగంగ అక్కడ ఆ తెల్లది పేరుకుని, పెన్ను ఒక పేజీ రాసి ఆగుడు మొదలుపెడతది. జనం పాళీని తిడతరు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చుకుంటే చానా రోజులు వస్తది. సీసాలో చిక్కబడ్డ ఇంకును పల్చన చేయాలన్నా అదే వాడాలె. పది మిల్లీలీటర్ల ఇంకుకు ఒక మిల్లీలీటరు, అంతకు మించొద్దు. బోరు నీళ్లు కలిపితే ఇంకులో బూజు కూడా పట్టొచ్చు.

కడిగినంక పాళీని కిందికి పెట్టి టిష్యూ మీద రాత్రంతా ఆరనియ్యాలె.

[దగ్గరి దృశ్యం: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో పాళీ కొస]

ఇప్పుడు పాళీ. బంగారం పనివాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు కన్నుకు పెట్టుకునే పది రెట్ల భూతద్దం కావాలె. పాళీ కొసను ముక్కుసూటిగా చూడండి. చీలికకు అటూ ఇటూ ఉండే రెండు రెక్కలు ఒకే ఎత్తులో ఉండాలె. చేతికి తెలిసే గుర్తులు చెప్తం. అన్ని దిక్కులా సమానంగా గీకుతుంటే కాగితం గరుకో, గుండు పాలిష్ తక్కువో. ఒక్క దిక్కే గీకుతుంటే రెక్క కిందికి దిగినట్టు. కుడికి గీసినప్పుడు గీకితే ఎడమ రెక్క దిగింది, ఎడమకు గీసినప్పుడు గీకితే కుడి రెక్క. ఎడమ, కుడి అంటే రాసేటప్పుడు మీకు కనబడేవి. దిగిన రెక్కను బొటనవేలి గోరుతో కింద నుంచి మెల్లగా పైకి నొక్కి, ఐదు సెకన్లు ఆపి, మళ్లీ భూతద్దంలో చూడాలె. ఒక్కసారికి సరికాదు. జర జర నొక్కుతూ రావాలె. ఎక్కువ నొక్కితే రెండో వైపు తప్పుతది, కానీ అది కూడా సరిచేసుకునేదే.

ఇంకు తక్కువ పారుతుంటే చీలికను వెలుగుకు పట్టి చూడండి. పాళీ మీది రంధ్రం నుంచి కొసకు పోయేకొద్దీ సన్నబడుతూ రావాలె. చీలికలో కాగితం పీచు ఇరుక్కుంటే 0.05 మిల్లీమీటర్ల ఇత్తడి రేకును అందులో రెండుమూడు సార్లు జరపండి. బ్లేడు పెట్టొద్దు, అంచు చెక్కేస్తది. గీకుతున్నదని ఎమరీ కాగితం మీద రుద్దుడు అన్నిటికంటే చెడ్డ పని. ఆ గుండు నిమిషంలో అరిగిపోతది, దాన్ని తిరిగి తెచ్చుడు ఇంట్లో కాదు. రుద్దాల్సి వస్తే 12000 నంబరు మైక్రోమెష్, అంటే పాలిష్ చేసే చానా నున్నని రాపిడి పట్టీ మీద, పాళీ ఇంకుతో తడిగా ఉండంగ, బరువు వేయకుండా ఎనిమిది అంకె పది సార్లు తిప్పి ఆపాలె.

[దృశ్యం: లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాలు, రెండు మందాలలో]

పాళీ సైజు గురించి ఇంగ్లీషు రాసేవాళ్ల సలహా మనకు పనికిరాదు. తెలుగు అక్షరంలో సుడులు, గుళ్లు, వొత్తులు ఉన్నయి. మీడియం పాళీతో ఘ, ఝ, ఋ రాయండి, లోపలి ఖాళీలు ఇంకుతో మూసుకుపోతయి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ మామూలు నోట్‌బుక్ గీతల మధ్య రాసి చూస్తే వొత్తులు కింది వరుసకు అంటుకుంటయి. ఫైన్ లేదా ఎక్స్‌ట్రా ఫైన్ తీసుకోండి. జపాన్ కంపెనీల ఫైన్, యూరప్ కంపెనీల ఫైన్ కన్నా దాదాపు ఒక సైజు సన్నగా వస్తది. ఇంకోటి, మన చేయి ప్రతి అక్షరానికీ గుండ్రంగా అన్ని దిక్కులా తిరుగుతది. అందుకే వెడల్పుగా చెక్కిన స్టబ్ పాళీతో తెలుగు రాస్తే దాని మూలలు కాగితాన్ని గీకుతయి.

బాల్ పెన్నుకు అలవాటైన చేయి నొక్కుతది. ఇంకు పెన్నును నొక్కొద్దు, కాగితానికి యాభై డిగ్రీల అటుఇటు వాలులో పట్టుకుని దాని బరువు మీదనే పోనియ్యాలె. నొక్కితే రెక్కలు విచ్చుకుని అట్లనే ఉండిపోతయి.

ఎండాకాలం రాసేటప్పుడు పేజీ కింది సగంలో అక్షరాలు తెగుతుంటే పెన్నును విప్పకండి. చెమట, చేతి జిడ్డు కాగితానికి అంటింది, అక్కడ ఇంకు పట్టదు. చేతి కింద వేరే కాగితం ముక్క పెడితే పోతది.

ఎండ ఇంకో పని కూడా చేస్తది. ఒంట్లోనే నేరుగా ఇంకు నింపే పెన్నులో, అంటే డ్రాపర్‌తో పోసే పెన్నులో, సగం ఇంకు అయిపోతే మిగతాది గాలి. 27 డిగ్రీల గది నుంచి 42 డిగ్రీల ఎండకు పోతే ఆ గాలి ఐదు శాతం పెరుగుతది. రెండు మిల్లీలీటర్ల గాలి ఉంటే 0.1 మిల్లీలీటరు ఇంకు బయటికి నెడతది, అంటే రెండు చుక్కలు. చొక్కా జేబుకు అది సాలు. కన్వర్టర్‌లో గాలి అర మిల్లీలీటరే కాబట్టి వచ్చేది అర చుక్క, దాన్ని నాలుక గాడులే పట్టుకుంటయి. డ్రాపర్ పెన్నును మూడో వంతుకు దిగకముందే నింపండి, జేబులో పాళీ పైకి ఉండాలె, బండి డిక్కీలో పెట్టొద్దు. చేత్తో చేసిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) డ్రాపర్ పెన్నులకు పేరుమోసిన రాజమండ్రి రత్నం పెన్నులకైనా ఇదే లెక్క. ధరతో సంబంధం లేదు.

మూత సంగతి. మూతను నోట్లో పెట్టి గాలి పీల్చండి. మీ నోటి నాలుకకు అతుక్కుని నిలబడితే ఆ మూతలోకి గాలి చొరబడదు. నిలబడకపోతే పాళీ జల్ది ఎండుతది. జపాన్ ప్లాటినం కంపెనీ ప్రెప్పీ అనే చౌక పెన్నులో కూడా మూత లోపల స్ప్రింగుతో బిగుసుకునే ఏర్పాటు పెట్టింది. అంతకు ఎన్నో రెట్ల ధరున్న పెన్నుల్లో అది లేదు. కొన్ని మూతల కొసన ఉండే రంధ్రం పిల్లలు మింగితే ఊపిరి ఆడడానికి పెట్టింది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దాన్ని టేపుతో మూయకండి.

ఇంకు కొనేటప్పుడు సీసా మీద ఫౌంటెన్ పెన్ ఇంకు అని ఉందో లేదో చూడాలె. అదే అరలో పక్కనే డ్రాయింగ్ ఇంకు కూడా ఉంటది. వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకులో లక్క కలుస్తది, ఒక్క రాత్రికి నాలుక రాయి అయితది.

[దృశ్యం: టేపు విప్పిన రెండు పెన్నులు]

ఇంతకీ ముప్పై వేలకు ఏం వస్తది? పిస్టన్‌లో కన్వర్టర్ కంటే దాదాపు రెట్టింపు ఇంకు పడతది. వేళ్లు పట్టుకునే చోట గంటలు రాసినా అంచు గుచ్చుకోదు. పాళీ పాడైతే మార్చి ఇచ్చేవాళ్లు ఉంటరు. మూత మర పదేళ్లకూ వదులు కాదు. చౌక పెన్నులో పట్టుకునే చోట ప్లాస్టిక్ పగులుతది, క్లిప్పు పూత పోతది, అదే మోడల్ రెండు కొంటే ఒకటి తడిగా, ఒకటి పొడిగా రాస్తది. మూడు గంటల డిస్క్రిప్టివ్ పరీక్ష రాసే విద్యార్థికి మాత్రం మా మాట వేరు. ఇత్తడి ఒంటి బరువు పెన్ను 35 గ్రాములు దాటుతది, ప్లాస్టిక్‌ది 15 అటుఇటు ఉంటది. రెండో గంటకు వేళ్లకు ఆ తేడా తెలుస్తది. సరిచేసుకున్న చౌక పెన్నులు రెండు, రెండూ నింపి తీసుకుపోండి. ఏ పెన్ను వాడాలన్నది హాల్ టికెట్ మీద చూసుకోవాలె.

ఖరీదు పెన్ను కొనాలనుకుంటే ముంచి రాయనిచ్చే దుకాణంలోనే కొనండి. ముంచిన వెంటనే మొదటి ఐదారు వరుసలు ఏ పెన్నయినా తడిగా, నున్నగానే పోతది, అది నాలుకకు అంటిన ఇంకు. అర పేజీ దాటినంక, ఎనిమిది అంకె రెండు దిక్కులా తిప్పి, ‘రాష్ట్రం’ రాసి, అప్పుడు డబ్బులు తీయండి.