తేడా వచ్చిన రీడింగు

శ్రోతలకు నమస్కారం.

సెమిస్టర్ చివరికొచ్చేసరికి గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్ షాపుల దగ్గర నిలబడి చూడండి. ప్రాక్టికల్ రికార్డులు చేతులు మారుతుంటాయి. సీనియర్‌ది జూనియర్‌కి, జూనియర్‌ది పక్క సెక్షన్‌కి. చూసి ఎక్కించుకుంటారు. బొమ్మలూ, ప్రొసీజరూ ఎక్కించుకున్నారంటే నాకు పెద్ద పట్టింపు లేదు. పిప్పెట్‌తో, అంటే కొలిచి తీసే గాజు గొట్టంతో, 20 మిల్లీలీటర్లు తీయడం ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది. నా గొడవంతా రీడింగుల గురించి.

లఘులోలకం ప్రయోగంలో, అంటే దారానికి గుండు కట్టి ఊపి గురుత్వ త్వరణం కట్టే ప్రయోగంలో, జవాబు 9.8 రావాలని ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. ఆ 9.8 ముందు వేసుకుని, అక్కడ్నించి వెనక్కి లెక్కకట్టి రీడింగులు నింపేస్తారు. ఒక ద్రావణంలో ఇంకోటి చుక్కచుక్కగా పోసి కొలిచే టైట్రేషన్ అయితే మూడు రీడింగులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఆ చుక్కలు వదిలే గీతల గొట్టం, బ్యూరెట్, అంత బుద్ధిగా ఎప్పుడూ ఉండదండీ. తేడా వస్తుంది. తేడా రావడం దాని స్వభావం.

ఇప్పుడు యూనివర్సిటీల్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బోటనీ పిల్లలు ఒకే బ్యాచిగా కలిసి చేసే కోర్సులు వస్తున్నాయి. మంచిదే. కాకపోతే అక్కడ ఈ జబ్బు ఇంకాస్త ముదురుతుంది. తన సబ్జెక్టు కానిచోట ఎవరికైనా ధైర్యం తక్కువ కదా.

విజయవాడలో బందరు కాలువ నీళ్లు పట్టుకొచ్చి, అందులో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూడమన్నారనుకోండి. 30 డిగ్రీల వేడిలో మామూలుగా లీటరు నీళ్లు పట్టి ఉంచేది 7.5 మిల్లీగ్రాముల చిల్లర. పిల్లలకు 9 దాటి వచ్చింది. కెమిస్ట్రీ కుర్రాడికి టెన్షన్. "బాటిల్లోకి గాలి బుడగ దూరి ఉంటుంది, 7 అని వేసేద్దాం" అంటాడు. బుడగ దూరి ఉండొచ్చు కూడా, మళ్లీ చేసి చూడాల్సిందే. కానీ పక్కనున్న బోటనీ అమ్మాయి నీళ్లు ఎన్నింటికి పట్టారని అడుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి. ఎక్కడ? పాచి పట్టిన చోట, నీళ్లు కదలని మూల. ఎండ బాగా ఉన్నప్పుడు ఆ పాచి ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది కాబట్టి లెక్క పైకి పోతుంది. తెల్లవారుజామున అదే నీళ్లు పడితే బాగా తక్కువ రావచ్చు. కుర్రాడు 7 అని దిద్దేసి ఉంటే ఆ అమ్మాయికి మాట్లాడే అవకాశమే రాదు. ఇద్దర్నీ ఒక బ్యాచిలో వేసి ఏం ప్రయోజనం?

ఈ విషయంలో నాకెంతో ఇష్టమైన ముచ్చట ఒకటుంది. నిదానంగా చెబుతాను.

ఇంగ్లండులో లార్డ్ రేలీ అని ఫిజిక్సు ఆయన. వాయువుల బరువు కచ్చితంగా తూచాలని కూర్చున్నాడు. నైట్రోజన్ రెండు రకాలుగా తీశాడు. గాలిలోంచి ఆక్సిజన్ తీసేయగా మిగిలింది ఒకటి, అమ్మోనియా సాయంతో తీసింది ఇంకొకటి. రెండూ నైట్రోజనే, బరువు ఒకటే ఉండాలి. తేడా వచ్చింది. వెయ్యింట ఒక వంతు! మనమైతే ఏమంటాం? "సరిపోయిందిలే" అంటాం. ఆయన అనలేదు. ఆ తేడాని పెద్దది చేయగలనా అని చూశాడు. గమనించండి, తగ్గించాలని కాదు, పెంచాలని చూశాడు. రెండో పద్ధతిలో కూడా కొంత నైట్రోజన్ గాలిలోంచే వస్తోందని గ్రహించి, గాలి బదులు శుద్ధమైన ఆక్సిజన్ వాడాడు. తేడా రెండువందల్లో ఒక వంతుకు పెరిగింది. ఒకే గాజు బుడ్డిలో గాలి నుంచి తీసింది నింపితే 2.310 గ్రాములు, రసాయనాల నుంచి తీసింది నింపితే 2.299. సుమారు 11 మిల్లీగ్రాములు తేడా. వాయువును ఎనిమిది నెలలు నిలవుంచి మళ్లీ తూచాడు. తేడా అలాగే ఉంది.

ఈ పని మధ్యలోనే, 1892లో నేచర్ అనే సైన్సు పత్రికకు ఉత్తరం రాశాడు. నాకు ఇలా తేడా వస్తోంది, కారణం తెలియడం లేదు, కెమిస్ట్రీ తెలిసినవాళ్లు చెప్పండి అని. అంత పేరున్న మనిషి అలా అడగడానికి ఎంత గుండె కావాలో చూడండి. విలియం రామ్సే అనే కెమిస్ట్రీ ఆయన పని అందుకున్నాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్‌ను ఎర్రగా కాగిన మెగ్నీషియం మీదుగా మళ్లీ మళ్లీ పంపాడు. నైట్రోజన్ అంతా మెగ్నీషియం లాగేసుకోగా, దేనితోనూ కలవని వాయువు కొంచెం మిగిలిపోయింది. అదే ఆర్గాన్. మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక వంతు! విజయవాడ ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ అని బోర్డులు చూస్తారే, ఆ ఆర్గాన్. 1904లో రేలీకి ఫిజిక్సులో, రామ్సేకి కెమిస్ట్రీలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఇంకో చిన్న సంగతి. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1785లో హెన్రీ కావెండిష్ ఇలాంటి పరీక్షే చేస్తే చివర్లో ఒక చిన్న బుడగ మిగిలింది. అదేమిటో ఆయనకు తెలియలేదు. అయినా, గాలిలోని నైట్రోజన్‌లో నూట ఇరవయ్యో వంతుకు మించదని రాసిపెట్టాడు. చెరిపేయలేదు. రాసిపెట్టాడు.

సరే, మార్కుల దగ్గరికి వద్దాం.   యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లో కాపీ గురించి నిబంధనలు తెచ్చింది. థీసిస్సుల్లో పోలిక పది శాతం లోపైతే శిక్ష లేదు, నలభై దాకా దిద్ది మళ్లీ ఇవ్వాలి, అరవై దాకా ఏడాది ఆగాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అవసరమే. కాకపోతే ఆ పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ మాటలకు మాటలు పోల్చి చూస్తుంది. బ్యూరెట్ ముట్టుకోకుండా వేసిన అంకె దానికి దొరకదు. చాట్‌జీపీటీని అడిగితే ఆరు రీడింగులు ముచ్చటగా అల్లిపెడుతుంది, అవీ దొరకవు.

అందుకే మార్కులు వేసేవాళ్లకు నాదొక మనవి. జవాబు సరిగ్గా వస్తేనే మార్కులంటే పిల్లలు సరైన జవాబే తెస్తారు, ఎలాగోలా తెస్తారు. 9 వచ్చిందని రాసి, ఎందుకు వచ్చి ఉంటుందో నాలుగు ముక్కలు చెప్పిన బ్యాచికి, 7 అని దిద్దుకొచ్చిన బ్యాచి కంటే ఎక్కువ పడాలి. ఆ సంగతి మొదటి క్లాసులోనే చెప్పాలి. రిపోర్టు మార్కులు బ్యాచి అందరికీ సమానంగా ఇచ్చినా, వైవా, అంటే నోటి పరీక్ష, మాత్రం ఎవరిది వాళ్లదే. లేకపోతే ఒకరు చేస్తారు, ముగ్గురు సంతకాలు పెడతారు.

ఇక విద్యార్థులకు. రఫ్ కాగితం పారేయకండి. ఇవాళ నా మాటల్లో ఇదొక్కటి పట్టుకున్నా చాలు, రఫ్ కాగితం పారేయకండి. రీడింగు చూసిన క్షణమే పెన్నుతో రాయండి, పెన్సిల్ వద్దు. తేదీ, టైము, నీళ్లు పట్టిన చోటు, బ్యూరెట్ పట్టుకున్నదెవరు, అన్నీ రాయండి. తప్పు అనిపిస్తే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టండి, కింది అంకె కనబడాలి. పక్కన కారణం రాయండి. ఫెయిర్ రికార్డుకు వెనకాల ఆ కాగితం కలిపి పిన్ను కొట్టి ఇవ్వండి. చెమట మరకలున్నా, యాసిడ్ పడి చిల్లు పడినా పరవాలేదు.

లెక్చరర్లు ఆ కాగితం మీద అదే రోజు, ల్యాబ్‌లోంచి పిల్లలు బయటికి వెళ్లకముందే పొట్టి సంతకం పెట్టాలి. సెమిస్టర్ చివర రికార్డులన్నీ కుప్పపోసుకుని వరసగా పెట్టే సంతకం ఇందుకు పనికిరాదు. ల్యాబ్ టేబుల్ మీద ఒక స్టేప్లర్ కూడా పెట్టించండి. మా రోజుల్లో అదీ స్టాఫ్ రూమ్‌లో తాళం వేసి ఉండేది.

సెలవు. నమస్కారం.