స్ట్రింగ్‌ను ముట్టుకుంటే మైలా? ఈ మడి మనకు ఎవరు నేర్పారు?

నమస్కారం. ఈరోజు నేను అనబోయే మాటకు కోడింగ్ గురువులకు కోపం వస్తే రానివ్వండి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీ, జావాస్క్రిప్ట్ వాళ్లు కోడ్ పంచుకునే గిడ్డంగి ఎన్‌పీఎం నుంచి మాయమైంది, బేబెల్, రియాక్ట్ అనే పెద్ద పనిముట్ల మీద ఆధారపడ్డ ప్రాజెక్టుల బిల్డ్‌లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. గుర్తుంది కదా? ఆ పాపం ప్యాకేజీని తీసేసిన మనిషిది కాదు. "స్ట్రింగ్ ప్రొటోటైప్‌ను ముట్టుకోవద్దు" అని మనకు మడి నేర్పినవాళ్లది! (స్ట్రింగ్ అంటే అక్షరాల వరస. ప్రొటోటైప్ అంటే స్ట్రింగులన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఫంక్షన్ల పెట్టె. అందులో మన సొంత ఫంక్షన్ చేర్చొద్దని వాళ్ల మాట.)

మళ్లీ చెబుతాను. ఆ మడే లెఫ్ట్‌ప్యాడ్‌ను పుట్టించింది.

ఇంతకీ లెఫ్ట్‌ప్యాడ్ చేసే ఘనకార్యం ఏమిటి? 7ను 007 చేయడం. బిల్లు నంబరు ముందు రెండు సున్నాలు పెట్టడం. స్ట్రింగ్‌కు పుట్టుకతో రావలసిన విద్య అది. జావాస్క్రిప్ట్ ఇవ్వలేదు. పోనీ మనమే నేర్పుదామంటే గురువులు చెంపలు వేసుకోమన్నారు. ఇంట్లో ఉప్పు పెట్టుకోవడం తప్పన్నారు కాబట్టి ఊరంతా పొరుగింటికి చెంబు పట్టుకుని వెళ్లింది. ఒకరోజు పొరుగింటి తలుపు మూసుకుంది! ప్యాడ్‌స్టార్ట్ అనే సొంత ఫంక్షన్ భాషలోకి ఎప్పుడు వచ్చిందో తెలుసా? భాషకు నియమాలు చెప్పే ప్రమాణం 2017 కూర్పులో. అటూ ఇటూ ఉన్న ఖాళీలను కోసే ట్రిమ్ అయితే 2009లో. 1995లో పుట్టిన భాషకు గోళ్లు తీసుకోవడం రావడానికి 14 ఏళ్లు పట్టిందన్నమాట.

"మరి మూటూల్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చేసిన నిర్వాకం?" అని మీరు అడుగుతారు. అడగండి, నేను ఎదురు చూస్తున్నది ఆ ప్రశ్న కోసమే. ఆ లైబ్రరీ స్ట్రింగ్‌కు, లోపల ఫలానా మాట ఉందా అని చూసే కంటెయిన్స్ అనే ఫంక్షన్ అతికించింది. తరవాత ఫైర్‌ఫాక్స్ 17 బ్రౌజర్ అదే పేరుతో సొంతది తెచ్చేసరికి మూటూల్స్ 1.2 వాడే కొన్ని సైట్లు చతికిలపడ్డాయి. చివరికి ప్రమాణంలో పేరే మారి ఇన్‌క్లూడ్స్ అయింది. 2018లో అర్రే, అంటే జాబితా, విషయంలోనూ ఇదే కథ. జాబితా లోపలి జాబితాలను విప్పి ఒకే వరస చేసే ఫంక్షన్‌కు ఫ్లాటెన్ అని పెట్టబోతే మళ్లీ మూటూల్స్ అడ్డం వచ్చింది. ఒకాయన సరదాకు స్మూష్ అని పెడదామంటే జనం నిజమనుకుని మండిపడ్డారు. చివరికి ఫ్లాట్‌తో సరిపెట్టుకున్నారు.

నిజమే, కాదనను. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మూటూల్స్ 1.2 "ఈ పేరుతో ఇప్పటికే ఫంక్షన్ ఉందా? ఉంటే నాది పెట్టను" అని మర్యాదగా తప్పుకుంది. ఆ మర్యాదే కొంప ముంచింది. మూటూల్స్ కంటెయిన్స్‌లో రెండో ఆర్గ్యుమెంటు (ఫంక్షన్‌కు మనం అందించే విలువ) మాటలను విడదీసే గుర్తు. ప్రమాణంలో అదే చోట వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అంకె. ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బారావులున్నారు, మనం పిలిచింది ఒకరిని, పలికింది ఇంకొకరు. ఇది అతికించడంలో ఉన్న దోషం కాదండీ, పేరు పెట్టడంలో ఉన్న దోషం!

సీ షార్ప్ భాష 2007 నుంచి ఎక్స్‌టెన్షన్ మెథడ్లు, అంటే ఉన్న రకానికి మన ఫంక్షన్ తగిలించే వీలు, ఇస్తోంది. కోట్లిన్ ఇస్తోంది, స్విఫ్ట్ ఇస్తోంది. రూబీ భాషవాళ్లయితే రెయిల్స్ అనే చట్రంలో అంకె మీదే చుక్క పెట్టి, రెండు రోజుల క్రితం అనడానికి "2.డేస్.అగో" అని రాసుకుని సుఖంగా ఉన్నారు. వాళ్లెవరికీ లేని మైల మనకెందుకు? సీ షార్ప్‌లో, కోట్లిన్‌లో ఎవరు పిలుచుకుంటే వాళ్లకే ఆ ఫంక్షన్ కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో పేజీ మొత్తానికీ ఒకటే వంటిల్లు, నిజమే. అందుకని వంటే మానేస్తామా? లైబ్రరీ రాసి పదిమందికి పంచేవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి, అది వేరే సంగతి, నేను మాట్లాడుతున్నది మీ సొంత ప్రోగ్రాము గురించి.

నా సంగతే చెబుతాను. ఒక టోకు వ్యాపారికి బిల్లుల ప్రోగ్రాము రాసి ఇచ్చాను. అంకెల మధ్య కామాలు పెట్టడానికి అందరూ కాపీ కొట్టే ముక్కే నేనూ కొట్టాను. మొత్తం 1,234,567 అని వచ్చింది. ఆయన కళ్లజోడు పైకి జరిపి, "ఇది పన్నెండు లక్షలా, కోటి పైనా, బాబూ?" అన్నారు. తల కొట్టేసినట్లయింది. అంకెను ఆ ప్రాంతపు పద్ధతిలో రాసే టూలొకేల్‌స్ట్రింగ్ ఫంక్షన్‌కు తెలుగు-ఇండియా గుర్తు ఇస్తే 12,34,567 అని లక్షల లెక్కలో తనే ఇస్తుంది. దాన్ని నంబర్ ప్రొటోటైప్‌కు తగిలించాను. ఇప్పుడు "మొత్తం.రూపాయలు()" అని రాస్తే చాలు. అవును, ఫంక్షన్ పేరు తెలుగు లిపిలోనే పెట్టాను, జావాస్క్రిప్ట్ చక్కగా ఒప్పుకుంటుంది! (నేరుగా 5 రాసి చుక్క పెడితే మాత్రం దశాంశ బిందువనుకుని అలుగుతుంది. రెండు చుక్కలు పెట్టి బతిమాలాలి.)

ఇంకోటి. "తెలుగు" అనే మాట పొడవు ఎంతో కంప్యూటర్‌ను అడగండి. ఆరు అంటుంది. మనకు కనిపించేవి మూడే, కానీ అది ఎత్వాన్నీ కొమ్ములనూ విడిగా లెక్కపెడుతుంది. మొదటి మూడు కత్తిరించమంటే "తెల" అని చేతిలో పెడుతుంది. శీర్షికలు కుదించే రెడీమేడ్ ఫంక్షన్లు చాలావరకు ఇలాంటివే, మన కొమ్ములు విరిచేస్తాయి. మాటను మనకు కనిపించే అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ అనేది భాషలోనే ఉంది, అది మూడు అనే చెబుతుంది. దాన్ని స్ట్రింగ్‌కు "అక్షరాలు" అనే పేరుతో తగిలించాను. కనపడకుండా తగిలించే డిఫైన్‌ప్రాపర్టీ అనే ఫంక్షన్‌తో తగిలించండి, మామూలుగా అతికిస్తే పేర్లన్నీ ఒక్కొక్కటే చూసే ఫర్-ఇన్ లూపుల్లో తలదూరుస్తుంది.

ఇప్పుడు గురువులు రావచ్చు. "రేపు ప్రమాణంలో అదే పేరు వస్తే?" అంటారు. ప్రమాణం రాసే టీసీ39 కమిటీ కూర్చుని, చర్చించి, జావాస్క్రిప్ట్ అంకెలకు "రూపాయలు" అని పేరు పెట్టిన రోజున నేను ఈ ఛానల్ మూసేసి ఆ టోకు వ్యాపారి కొట్లో పద్దులు రాసుకుంటాను.